తోటలో గొడుగు తుంగ: కాండాన్ని చూసి పెంపకం తెలుసుకోవడం

నర్సరీలలో అంబ్రెల్లా పామ్ అన్న పేరుతో అమ్ముడవుతున్న గొడుగు తుంగ పామ్ కుటుంబానికి చెందినది కాదు. వరి మడుల్లోనూ, చెరువు అంచుల్లోనూ, పంట కాలువల గట్ల మీదా మొలిచే తుంగకు అది దగ్గరి బంధువు. ఒకే ప్రజాతిలోని మరో జాతి. ఈ తేడా వృక్షశాస్త్ర విద్యార్థులకు మాత్రమే అవసరమైనది కాదు. పామ్ అనుకుని తెచ్చుకున్నవారు దాన్ని అడుగున చిల్లులున్న కుండీలో, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో నాటి, పైమట్టి ఆరిన తర్వాతే నీరు పోస్తారు. చాలా రకాల పామ్‌లకు అది తగిన పద్ధతే. నీటిలో వేళ్లూని పెరిగే తుంగ మాత్రం ఆ పద్ధతిలో కొన్ని వారాలకే కొసల నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది.

పేరు వల్ల కలిగే చిక్కు అక్కడితో ఆగదు. అంబ్రెల్లా ప్లాంట్ అని అంతర్జాలంలో వెతికితే దొరికే సమాచారంలో చాలా భాగం షెఫ్లెరా అనే వేరే మొక్కకు సంబంధించినదై ఉంటుంది. షెఫ్లెరా గట్టి కొమ్మలున్న పొద. దాని కాడ చివర దళసరి చిట్టి ఆకులు చేతివేళ్లలా విడివడి ఉంటాయి. తడి ఎక్కువైతే దాని వేళ్లు కుళ్లిపోతాయి, పెంపుడు జంతువులు ఆకులు నమిలితే నోరు పొక్కుతుంది. దాని కోసం రాసిన సూచనలను గొడుగు తుంగకు అన్వయిస్తే ఫలితం తలకిందులవుతుంది. అందుకే ఈ మొక్క విషయంలో గుర్తింపును ఒక పని, పెంపకాన్ని ఇంకో పని అని విడదీయడం కుదరదు. కాండాన్ని, దాని మొదలును, పైనున్న గొడుగును జాగ్రత్తగా పరిశీలిస్తే నీరు ఎంత ఉండాలో, కత్తెర ఎక్కడ పెట్టాలో, కొత్త మొక్క ఎలా వస్తుందో అన్నీ అక్కడే తెలుస్తాయి.

శాస్త్రీయ నామం దగ్గర కూడా కొంత స్పష్టత అవసరం. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1767లో సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అన్న పేరు పెట్టాడు. డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు రాట్‌బోల్ 1772లో సైపరస్ ఇన్వాల్యూక్రేటస్ అన్న పేరును ప్రచురించాడు. మొదటి పేరు మడగాస్కర్ పరిసర ద్వీపాల మొక్కకు, రెండో పేరు ఆఫ్రికా ఖండంలోనూ అరేబియా ద్వీపకల్పంలోనూ సహజంగా పెరిగే మొక్కకు వర్తిస్తాయి. ఈ రెండింటినీ వేర్వేరు జాతులుగా చూసేవారు ఉన్నారు, రెండోదాన్ని మొదటిదాని ఉపజాతిగా లెక్కించేవారూ ఉన్నారు. తోటల్లో పెరుగుతున్నది ఎక్కువగా ఆఫ్రికా మొక్కే. నర్సరీ చీటీల మీద ఏ పేరున్నా పెంపకంలో తేడా ఏమీ రాదు కనుక తోట పెంచేవారు ఈ వివాదంలోకి వెళ్లనవసరం లేదు.

తుంగ కుటుంబాన్ని శాస్త్రం సైపరేసీ అంటుంది. ప్రపంచంలో సుమారు 5,500 జాతులున్న ఈ పెద్ద కుటుంబాన్ని గడ్డి కుటుంబంతో కలిపి చూడటం చాలా చోట్ల అలవాటు. వరి కాడను, తుంగ కాడను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పొరపాటు తీరిపోతుంది. వరి కాండం గుండ్రంగా ఉంటుంది, మధ్యమధ్య కణుపులుంటాయి, కణుపుల మధ్య భాగం గుల్లగా ఉంటుంది, ఆకులు కాండానికి రెండు వైపులా రెండు వరుసల్లో వస్తాయి. తుంగ కాండానికి సాధారణంగా మూడు అంచులుంటాయి, లోపల తెల్లని బెండు నిండి ఉంటుంది, ఆకులు మూడు వరుసల్లో వస్తాయి, ఆకు ఒర గొట్టంలా మూసుకుని ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నేల నుంచి పూగుత్తి దాకా తుంగ కాండం మీద కణుపు కనిపించదు.

గొడుగు తుంగలో ఈ గుర్తులను చూడాలంటే కొంత ఓపిక కావాలి. ఎందుకంటే దాని కాండం మొదట్లో దాదాపు గుండ్రంగానే ఉంటుంది. చూపుడువేలు, బొటనవేళ్ల మధ్య కాండాన్ని పట్టుకుని, గొడుగు విచ్చుకున్న చోటికి కాస్త దిగువన మెల్లగా తిప్పితే మొద్దుబారిన మూడు అంచులు వేళ్లకు తగులుతాయి. నిలువునా సన్నని చారలు కూడా చేతికి తెలుస్తాయి. అదే కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల బెండు కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తే ఆ బెండులో గాలి నిండిన సన్నని అరలు కనిపిస్తాయి. కాండం మొదట్లో ఆకులు వెతికితే దొరకవు. ఆకు పత్రదళం పూర్తిగా తగ్గిపోయి, గోధుమ లేదా ఊదా ఛాయ ఉన్న ఒరలు మాత్రమే కాండాన్ని చుట్టుకుని మిగిలి ఉంటాయి. ఈ గుర్తు ఒక్కటే చాలు, గొడుగు తుంగను మన పొలాల తుంగ నుంచి వేరు చేయడానికి.

ఇక పైన గొడుగు చువ్వల్లా పరుచుకున్నవి చూడటానికి ఆకులే అయినా, అవి పూగుత్తి కింద పుట్టే ఆకులాంటి పట్టీలు; వీటిని పుచ్ఛాలంటారు. అవి సాధారణంగా 10 నుంచి 25 దాకా ఉంటాయి, ఒక్కొక్కటి జానెడు లేదా అంతకంటే కాస్త ఎక్కువ పొడవుంటుంది. ఒకే చోట నుంచి చక్రంలా వచ్చినట్టు కనిపిస్తాయి గాని, దగ్గరగా చూస్తే చాలా తక్కువ ఎడంతో మెలికగా ఒకదాని పైన ఒకటి అమరి ఉంటాయి. వాటి మధ్య నుంచి సన్నని కాడలు లేచి, వాటి చివర చదునైన చిరుకంకులు పుడతాయి. మొదట లేతాకుపచ్చగా ఉండి తర్వాత గోధుమరంగుకు మారే ఆ చిరుకంకుల్లో పూరేకులు ఉండవు. పరాగ సంపర్కం ప్రధానంగా గాలి ద్వారా జరుగుతుంది. పూర్తిగా ఎదిగిన మొక్క సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తుకు వస్తుంది. గ్రాసిలిస్ పేరుతో దొరికే చిన్న రకం మోకాలి ఎత్తు దగ్గరే ఆగిపోతుంది.

దీనితో పొరబడే అవకాశం ఉన్నవాటిలో పపైరస్ మొదటిది. ప్రాచీన ఈజిప్టులో రాత పట్టాల తయారీకి వాడిన ఆ మొక్క కూడా సైపరస్ ప్రజాతిదే. దాని తల మీద వెడల్పైన పట్టీలు ఉండవు. వందకు పైగా దారాల్లాంటి పూకాడలు బంతిలా విచ్చుకుని ఉంటాయి. అనువైన చోట మూడు నాలుగు మీటర్ల ఎత్తుకు కూడా పెరుగుతుంది కనుక ఇంటి తొట్టికి అది పెద్దదే. మరుగుజ్జు పపైరస్ పేరుతో దొరికే సైపరస్ ప్రోలిఫర్ తల కూడా దారాల బంతిలాగే ఉంటుంది, కాని అది మీటరు ఎత్తు దాటదు. తేడా చూడవలసిన చోటు ఒక్కటే: తల మీద పచ్చగా పరుచుకున్నవి వెడల్పైన పట్టీలైతే గొడుగు తుంగ, దారాలైతే పపైరస్ లేదా దాని మరుగుజ్జు బంధువు. జమ్మును దీనితో పొరబడేవారు తక్కువ. జమ్ము ఆకులు మొదట్లోంచే పొడవుగా నిలువునా లేస్తాయి, దాని కంకి గోధుమరంగు దిండులా ఉంటుంది.

అసలు జాగ్రత్తపడవలసింది తుంగముస్త విషయంలో. సైపరస్ రొటండస్ అనే ఆ తుంగను ప్రపంచంలోకెల్లా అతి మొండి కలుపు మొక్కల్లో ఒకటిగా వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇది నర్సరీ కుండీల మట్టిలో చిన్న దుంపల రూపంలో దాగి తోటలోకి రావచ్చు. గొడుగు తుంగ పక్కన లేచిన మొలకను కొత్త పిలక అనుకుని కాపాడితే, కొన్నాళ్లకు తొట్టి అంతా తుంగముస్తే అవుతుంది. రెండింటి మొలకలకూ తేడా స్పష్టంగా ఉంటుంది. తుంగముస్త మొలక పుట్టిన కొద్ది రోజులకే నేలమట్టం నుంచి సన్నని ముదురాకుపచ్చ ఆకులను మూడు వైపులా పరుస్తుంది. గొడుగు తుంగ పిలక మాత్రం ఆకులు లేకుండా, ఒరలు చుట్టుకున్న మొనదేలిన పుల్లలా నిటారుగా లేచి, మడిచిన గొడుగును మోసుకుపోయి, పైకి చేరాకే విప్పుతుంది. కింద ఆకులు పరిచిన మొలక ఏదైనా కనిపిస్తే దుంపతో సహా తవ్వి తీసేయాలి. పైపైన పీకితే నేలలో మిగిలిన దుంప మళ్లీ మొలుస్తుంది.

కాండంలోని గాలి అరల దగ్గరికి తిరిగి వస్తే, నీటి విషయం దానంతట అదే తేలుతుంది. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. చాలా తోట మొక్కల వేళ్లు అక్కడ ఊపిరాడక కుళ్లిపోతాయి. గొడుగు తుంగ మాత్రం పైనుంచి గాలిని ఆ అరల ద్వారా కిందికి, వేళ్ల దాకా చేరవేసుకుంటుంది. కాబట్టి అధిక నీటి వల్ల అది చనిపోతుందన్న భయం అనవసరం. దాని ప్రమాదం రెండో వైపు ఉంది. వెడల్పైన పుచ్ఛాల నుంచి నీరు నిరంతరం ఆవిరవుతుంది, నీటిని దాచుకునే ఏర్పాటు ఏదీ మొక్కలో లేదు. ఎండాకాలంలో మట్టి ఒకటి రెండు రోజులు ఆరినా పుచ్ఛాల కొసలు మాడిపోతాయి, మాడిన భాగం మళ్లీ పచ్చబడదు. కుండీ కింద లోతైన పళ్లెం పెట్టి అందులో ఎప్పుడూ నీరు ఉండేలా చూడటం కనీస ఏర్పాటు. చిల్లులు లేని తొట్టిలో, మట్టి పైన 5 నుంచి 10 సెంటీమీటర్ల నీరు నిలిచేలా పెంచడం అంతకంటే మంచిది. 15 సెంటీమీటర్లకు మించి మొదలును ముంచకపోవడం మేలు.

నీరు నిండుగా ఉన్నా కొసలు ఎండుతున్నాయంటే నీటి గుణాన్ని అనుమానించాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ. తొట్టిలో నీరు ఆవిరైపోతూ ఉంటే లవణాలు వెనక మిగిలిపోతాయి. వాటిని వేళ్లు పీల్చుకుంటే, నీరు ఆవిరయ్యే చివరి స్థలమైన పుచ్ఛపు కొసలో అవి పేరుకుంటాయి. ఇంట్లో నీటిశుద్ధి యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోయడం మంచి ఉద్దేశమే అయినా, ఈ మొక్కకు అది పనికిరాదు. యంత్రం వడగట్టి వదిలేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. దానికి భిన్నంగా ఏసీ యంత్రం నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. ఎండాకాలంలో గొడుగు తుంగ దాహం ఎక్కువగా ఉండే రోజుల్లోనే ఏసీ నీరు కూడా ఎక్కువగా వస్తుంది. ఆ గొట్టం చివరను తొట్టిలోకి మళ్లించడం సులభమైన, మేలైన ఉపాయం. వాన నీటికి సాటి వచ్చేది మరొకటి లేదు. బోరు నీరే దిక్కైనప్పుడు నెలకోసారి తొట్టిలోని నీటినంతా వంపేసి, కొత్త నీటితో మట్టిని బాగా తడిపి, ఆ నీటిని కూడా తీసేసి మళ్లీ నింపితే పేరుకున్న లవణాలు కొంత కొట్టుకుపోతాయి.

మట్టి విషయంలో మిద్దె తోటల వారికి అలవాటైన మిశ్రమం ఇక్కడ సరిపోదు. కొబ్బరి పొట్టు నీటి మీద తేలిపోతుంది. పచ్చి పేడ ఎరువు నీటిలో కుళ్లి, నీటిని నల్లబరిచి, నాచును పెంచుతుంది. చెరువు మట్టి, పొలం ఒండ్రు మట్టి వంటి బరువైన మట్టిని వాడి, బాగా మాగిన ఎరువును కొద్దిగా అడుగున మాత్రమే కలిపి, పైన రెండు సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు పరిస్తే నీరు తేటగా ఉంటుంది. తొట్టి గట్టిగా ఉండాలి. నేలలోని కొమ్ము (అల్లంలా నేల కింద సాగే కాండం), వేళ్లు పెరిగేకొద్దీ పలుచని ప్లాస్టిక్ కుండీని ఉబ్బించి పగలగొట్టగలవు. మేడ మీద పెట్టేటప్పుడు బరువును లెక్క వేసుకోవాలి. 60 సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తొట్టి ఘనపరిమాణం సుమారు 113 లీటర్లు, అంటే నీరు ఒక్కటే నింపినా 113 కిలోలు. తడి మట్టి నీటికంటే బరువు. అటువంటి తొట్టిని కప్పు మధ్యలో కాకుండా కింద గోడ లేదా దూలం ఉన్న చోట పెట్టాలి.

నిలవ నీరు అనగానే దోమల ప్రశ్న వస్తుంది, రావడం న్యాయమే. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇంటి చుట్టూ ఉండే చిన్నపాటి నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో సుమారు వారం పది రోజులు పడుతుంది. అందువల్ల కుండీ కింది పళ్లేన్ని వారానికి ఒకసారి తప్పనిసరిగా ఖాళీ చేసి, లోపలి అంచులను రుద్ది కడగాలి; గుడ్లు అంచులకే అంటుకుని ఉంటాయి కనుక నీరు పారబోయడం ఒక్కటే చాలదు. పెద్ద తొట్టిలో నాలుగైదు గప్పీ చేపలను వదిలితే అవి పిల్లదోమలను తినేస్తాయి. ఈ రెండింటిలో ఏదీ చేయలేని వారు ఈ మొక్కను నీటి తొట్టిలో పెంచకుండా, అడుగు చిల్లులున్న కుండీలోనే రోజుకు రెండు పూటలా నీరు పోస్తూ పెంచడం ఉత్తమం. మొక్క కాస్త చిన్నగా ఉంటుంది, అంతే.

వెలుగు విషయంలో దీనికి పట్టింపు తక్కువ. తుంగముస్త, పపైరస్ మొక్కలు మండుటెండను బాగా వాడుకునే సి4 పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటాయి. గొడుగు తుంగ వరిలాగే సి3 పద్ధతి మొక్క. ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న చోట అది చక్కగా పెరుగుతుంది, వెలుతురు బాగా వచ్చే వరండాలోనూ బతుకుతుంది. కాలువ గట్టున పూర్తి ఎండలో పెరగగలిగినప్పటికీ, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 45 డిగ్రీల వేడి, వడగాలి కలిసినప్పుడు తొట్టిలో నీరు ఉన్నా పుచ్ఛాలు వాడిపోతాయి. చలి మన మైదానాల్లో సమస్య కాదు. మంచు గడ్డకట్టే దేశాల్లో ఉన్న తెలుగువారు మాత్రం చలికాలానికి ముందే తొట్టిని ఇంట్లోకి తెచ్చుకోవాలి. కొమ్ము గడ్డకడితే మొక్క దక్కదు. ఇంటి లోపల పొడి గాలికి ఎర్రనల్లి, పిండినల్లి పట్టవచ్చు. వాటిని నీటి ధారతో కడిగేయడం తొలి చర్యగా సరిపోతుంది.

కణుపులు లేని కాండం అన్న గుర్తుకు అసలైన ప్రయోజనం కత్తెర పట్టినప్పుడు తెలుస్తుంది. మందారను కత్తిరిస్తే కోతకు కింద ఉన్న కణుపుల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. గొడుగు తుంగ కాడను మధ్యలో కత్తిరిస్తే కింద మిగిలిన మొండెం నుంచి ఏదీ రాదు, అది మెల్లగా ఎండిపోతుంది. కొత్త కాడలన్నీ నేలలోని కొమ్ము నుంచే పుడతాయి. కాబట్టి పసుపుబారిన కాడను నేలమట్టానికి కోసేయాలి. ఎండిన కొసలను మాత్రం కత్తిరించి సరిపెట్టడం అందానికి పనికివస్తుంది గాని మొక్కకు మేలు చేయదు. పాత కాడలన్నీ తీసేస్తే మొదలుకు వెలుతురు తగిలి పిలకలు జోరుగా వస్తాయి. రెండు మూడేళ్లకు దుబ్బు మధ్యభాగం ముదిరి, పిలకలు అంచుల్లోనే వస్తుంటాయి. అప్పుడు దుబ్బును పెకలించి పదునైన కత్తితోనో చిన్న రంపంతోనో విడదీసి, అంచుల్లోని లేత ముక్కలను నాటుకుని మధ్యభాగాన్ని తీసేయాలి. వానాకాలం ఆరంభం ఇందుకు అనువైన సమయం.

పిలకలు లేకపోయినా కొత్త మొక్కను తయారు చేసే మరో పద్ధతి ఉంది. దాన్ని చేసి చూసినవారికి ఈ మొక్క నిర్మాణం మొత్తం అర్థమవుతుంది. ముదిరినా పచ్చదనం పోని గొడుగును, దాని కింద నాలుగైదు సెంటీమీటర్ల కాడను ఉంచి కోయాలి. పుచ్ఛాలను సగానికి కత్తిరించాలి. తర్వాత ఆ గొడుగును తలకిందులుగా, అంటే కాడ పైకి, పుచ్ఛాలు నీటిలోకి ఉండేలా ఒక గిన్నె నీటిలో వేసి నీడపట్టున పెట్టాలి. నీటిని రెండు మూడు రోజులకోసారి మార్చాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో పుచ్ఛాలన్నీ కలిసే నడిబొడ్డు నుంచి తెల్లని వేళ్లు, వాటి పక్కనే మొనదేలిన పచ్చని మొలకలు బయటికి వస్తాయి. మందార కొమ్మలా కాడను నేలలో గుచ్చితే ఇది జరగదు; కాడలో కణుపు లేదు, మొగ్గలన్నీ పుచ్ఛాల మొదళ్లలోనే ఉన్నాయి. సహజ స్థలాల్లో కూడా ఇదే జరుగుతుంది. ముదిరిన కాడ వంగి, తల నీటిని తాకితే అక్కడే వేరు పట్టి మరో దుబ్బు మొదలవుతుంది. వేళ్లు వేలెడంత పొడవుకు రాగానే బురదమట్టి నింపిన చిన్న కుండీలోకి మార్చి, పళ్లెంలో నీరు ఉంచితే సరిపోతుంది. తెల్లచారల రకాన్ని మాత్రం దుబ్బు విడదీసే పెంచుకోవాలి, విత్తనం నుంచి ఆ చారలు నిలవవు. అందులో పూర్తి పచ్చ కాడలు పుడితే వాటిని మొదలంటా తీసేయాలి. అవి బలంగా పెరిగి చారల కాడలను అణచివేస్తాయి.

ఇంత సులభంగా వేరుపట్టే మొక్కను నీటి వనరుల దగ్గర నాటడంలో బాధ్యత కూడా అంతే ఉంటుంది. ఆస్ట్రేలియా, హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల ఇది తోటల నుంచి తప్పించుకుని వాగుల ఒడ్డున స్థిరపడిపోయింది. గుర్రపుడెక్క మన చెరువులను కప్పేయడం కళ్లముందే ఉంది కనుక, మరో విదేశీ నీటి మొక్కను కాలువలోకి వదిలే పని చేయకూడదు. తొట్టి శుభ్రం చేసినప్పుడు తీసేసిన దుబ్బును, కత్తిరించిన గొడుగులను మురుగు కాలువలోనో చెరువు గట్టునో పడేస్తే అవి మొలకెత్తడానికి కావలసినదంతా అక్కడే దొరుకుతుంది. చిరుకంకులు గోధుమరంగుకు తిరిగి గింజ రాలకముందే కోసేయాలి. తీసేసిన కొమ్ములను, తలలను సిమెంటు నేల మీద పరిచి, విరిస్తే పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే కంపోస్టు గుంటలో వేయాలి.